300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా లాన్ కేబుల్ మీద 94 దాటడం లేదా?

లక్షణం ఇది. ఇంటికి ఫైబర్ ఉంది, ప్లాన్ 300 ఎంబీపీఎస్. ఆఫీసు గదిలోకి గోడలోంచి లాన్ కేబుల్ లాగించారు. ఎన్నిసార్లు స్పీడ్ టెస్ట్ చేసినా 93, 94, 95. రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద చూస్తే మాత్రం 280 దాటుతోంది.

ఆ 94లోనే జవాబుంది. లింక్, అంటే కేబుల్ మీద కంప్యూటర్‌కీ రూటర్‌కీ మధ్య కనెక్షన్, 100 ఎంబీపీఎస్ దగ్గర కుదిరితే, డేటా ముక్క (ప్యాకెట్) ప్రతిదానికీ తగిలించే చిరునామాల్లాంటి హెడర్లు పోను చేతికొచ్చేది అంతే. నెట్ కంపెనీకి ఫోన్ చేసే ముందు విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే ప్లాన్ పెంచినా ఆ గదిలో ఒక్క ఎంబీ కూడా పెరగదు. అర నిమిషంలో తేలే ఈ సంగతి చూడకుండా కొత్త రూటర్‌కి వేలు పోసేవాళ్లే ఎక్కువ. దయచేసి ముందు ఇది చూడండి.

100/100 ఉంటే మొదట పోర్టు చూడండి. చాలా ఫైబర్ మోడెంలలో ఒక్క లాన్ పోర్టే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్), మిగతావి 100వి. జీఈ అని రాసి ఉంటే గిగాబిట్, ఎఫ్ఈ అంటే 100. చవక యూఎస్‌బీ లాన్ అడాప్టర్లు కూడా చాలావరకు 100వే. తర్వాత ల్యాప్‌టాప్‌ని రూటర్ దగ్గరికే తీసుకెళ్లి, కంపెనీ ప్లగ్గులతో వచ్చిన మీటరు కేబుల్‌తో కలపండి. 1000 వచ్చిందంటే దోషం గోడలో వైరుది, లేదా దాని ప్లగ్గులది.

లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, రెండేసి కలిపి మెలేసిన నాలుగు జతలుగా ఉంటాయి; ప్లగ్‌లో ఒక్కో తీగకి ఒక్కో పిన్ను. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నుల్లోని నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. బ్లూ, బ్రౌన్ జతల్లో ఒక్క తీగ తెగినా లింక్ 100కి దిగుతుంది తప్ప నెట్ ఆగదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తెగిన తీగని లైట్లు వెలిగే మామూలు కేబుల్ టెస్టర్ పట్టేస్తుంది. ఆ టెస్టర్‌కి కూడా దొరకనిది ఇంకొకటుంది.

రెండు వైపులా ఒకే వరుస ఉంటే చాలనుకుని కొందరు రంగుల్ని జతలు జతలుగా పేర్చేస్తారు: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతాయి. కానీ పోర్టు 3, 6 పిన్నుల్ని ఒక జతగా వాడుతుంది. ఈ వరుసలో 3లో వైట్ గ్రీన్, 6లో బ్లూ పడ్డాయి. రెండూ వేర్వేరు మెలికల తీగలు. తీగల్ని మెలేసేదే పక్క జతల సిగ్నల్ లోపలికి రాకుండా. జత చీలితే ఆ కాపుదల పోతుంది. రెండు మీటర్ల ముక్కైతే ఎలాగో నెట్టుకొస్తుంది. 15, 20 మీటర్లు గోడల్లో తిరిగితే లింక్ 100కి పడిపోతుంది, లేదా వీడియో కాల్ మధ్యలో తెగి మళ్లీ కలుస్తుంటుంది. వైరు మీద క్యాట్ 6 (లాన్ వైర్లలో మెరుగైన రకం) అని అచ్చు ఉన్నా ఇంతే.

అందుకే ప్లగ్‌ని కళ్లతో చూడాలి. లాక్ ముక్క కిందికి, పిన్నులు పైకి, వైరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్ ఉండాలి. నాలుగో తీగ గ్రీన్ అయితే దొంగ దొరికినట్టే. రెండు చివర్లా ప్లగ్గులు కోసేసి ఈ వరుసలో కొత్త ప్లగ్గులు మళ్లీ క్రింప్ చేయించండి (పనిముట్టుతో నొక్కి బిగించడం). మెలిక విప్పింది 13 మిల్లీమీటర్లకు మించకూడదు. తీగల కొనలు ప్లగ్ చివరిదాకా తగలాలి, పై తొడుగు ప్లగ్ లోపలికి వెళ్లి నొక్కుకుపోవాలి. బయట తీగలు కనిపిస్తుంటే ఆ ప్లగ్ ఎక్కువ కాలం నిలవదు.

కోసిన ముక్కలో ఒక తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. ఎన్ని ప్లగ్గులు మార్చినా విరుగుతూనే ఉంటుంది. అసలు రాగి క్యాట్ 5ఈ వేయించండి, 100 మీటర్ల దాకా గిగాబిట్‌కి అది చాలు.

పిడుగుకి పోర్టు దెబ్బతినడం, అడాప్టర్ సెట్టింగ్‌లో ఎవరో 100కి కట్టేసి ఉంచడం అరుదు. వేరే పోర్టులో పెట్టి, సెట్టింగ్‌ని ఆటో నెగోషియేషన్‌కి (స్పీడ్‌ని రెండు వైపులా వాటంతటవే కుదుర్చుకునేలా) మార్చి చూస్తే తేలిపోతాయి.

లింక్ 1000 చూపించాక రెండు చివర్లా వైరుని ప్లగ్ దగ్గర మెల్లగా కదిపి చూడండి. మళ్లీ 100కి పడితే కదిపిన వైపు ప్లగ్ కోసి కొత్తది వేయాల్సిందే.