రివాల్వర్ మొరాయిస్తోందా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

మన దగ్గర లైసెన్సు మీద దొరికే రివాల్వర్లలో ఎక్కువగా కనిపించేది కాన్పూర్‌లో తయారయ్యే .32 బోర్ రకం. వెబ్లీ అనే బ్రిటిష్ రివాల్వర్ల పద్ధతిలో పైన లాచ్ నొక్కి, బ్యారెల్‌ను కిందికి వంచి తూటాలు వేస్తాం. కింద రాసినవి ముఖ్యంగా దాని గురించే. చాలా సమస్యలకు మూలం మురికి, పాత తూటాలు. కొన్ని మాత్రం ఇంట్లో అసలు ముట్టుకోకూడనివి. ఆ తేడా తెలియాలి.

ఏది చూడాలన్నా ముందు రివాల్వర్ తెరిచి, సిలిండర్‌లో (తూటాలు పట్టే, తిరిగే భాగంలో) ఉన్న ఆరు గదులూ, అంటే తూటాలు కూర్చునే రంధ్రాలు, ఖాళీ అని కంటితో చూసి వేలితో తడమండి. తూటాలు ఇంట్లో వేరే గదిలో పెట్టి రండి.

"టిక్" మంది, పేలలేదు

వెంటనే మళ్లీ ట్రిగ్గర్ నొక్కకండి. నొక్కితే ఆ తూటా బ్యారెల్ ఎదుట నుంచి పక్కకు జరుగుతుంది. అది ఆలస్యంగా పేలితే గుండు బయటికి పోవడానికి దారే ఉండదు. మూతిని మనుషులు లేని వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తర్వాత తూటా తీసి, ప్రైమర్ (తూటా అడుగున మధ్యలో ఉండే, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) మీద పడిన గుంట చూడండి. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.

గుంట మధ్యలో, లోతుగా ఉంటే లోపం తూటాదే. నూనె కారుతున్న గదుల్లో నెలల తరబడి తూటాలు ఉంచితే ప్రైమర్‌లోకి నూనె దిగుతుంది. తోలు బెల్టులో వదిలేసిన తూటాల ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. అలాంటివి గీకి వాడొద్దు, ఆర్మరీ షాపులో అప్పగించండి.

గుంట పైపైనే ఉంటే హ్యామర్‌ను (ట్రిగ్గర్ నొక్కితే ముందుకొచ్చి దెబ్బ కొట్టే భాగాన్ని) నెట్టే మెయిన్ స్ప్రింగ్ బలం తగ్గి ఉండాలి, లేదా ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్ మొన అరిగి ఉండాలి. హ్యామర్ కదిలే చోట జిడ్డు గట్టిపడినా ఇలాగే అవుతుంది. కొబ్బరినూనె రాసే అలవాటు కొందరికి ఉంది, దయచేసి మానండి. గన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని స్ప్రింగ్‌ను కత్తిరించినా, అరగదీసినా దెబ్బ బలం తగ్గిపోతుంది. దానికి కొత్త స్ప్రింగ్ వేయించడమే మందు.

"టుప్" మని నీరసంగా మోగింది

అక్కడితో ఆపేయండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకొకటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, చీలుతుంది. కడ్డీ పెట్టి కొట్టకుండా గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) దగ్గరికి తీసుకెళ్లండి.

సిలిండర్ బిగుసుకుంటోంది

ఖాళీగా ఉన్నప్పుడు బాగానే తిరిగి, కొన్ని రౌండ్లు కాల్చాక పట్టేస్తుంటే అది మసి. సిలిండర్ ముందు ముఖం, బ్యారెల్ వెనక అంచు బ్రష్‌తో శుభ్రం చేయండి. ఖాళీ కేసులను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క ఉంది కదా, దాన్ని పైకి లేపి కింద చూడండి. కాలని తుపాకీ మందు రేణువు ఒక్కటి ఇరుక్కున్నా అది సరిగా కూర్చోదు, సిలిండర్ వెనక ఒరుసుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో దులపండి. అక్కడ నూనె వద్దు, రేణువులు అంటుకుంటాయి. శుభ్రం చేసినా పట్టేస్తుంటే ఏ తూటా ప్రైమరైనా పైకి తేలి ఉందేమో చూడండి.

పక్కలకు సీసం చిమ్ముతోంది, గుంట ఒక పక్కకు పడుతోంది

ఇది టైమింగ్ సమస్య, అంటే గది బ్యారెల్‌కు సరిగ్గా ఎదురుగా వచ్చి ఆగడం లేదు. ఖాళీ రివాల్వర్‌లో హ్యామర్‌ను బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ చివరికంటా వెళ్లేలోపు సిలిండర్ తన స్థానంలో లాక్ అవ్వాలి. ఆరు గదులకూ చూడండి. ఒక్క గది దగ్గర తప్పినా కాల్చొద్దు. సిలిండర్‌ను తిప్పే లివర్, ఆపే లాక్, వీటి అరుగుదల సరిచేయడం గన్‌స్మిత్ పని.

మూసిన తర్వాత కూడా బ్యారెల్ ఊగుతుంటే లాచ్ గానీ, కీలు గానీ అరిగినట్టే. దానికీ అదే దారి.

తుప్పు

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన ఆయుధాలు వారాల పాటు గాలి తగలకుండా ఉంటాయి. ఇచ్చేముందు బ్యారెల్ లోపలా బయటా పల్చగా నూనె పట్టించండి. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి ఇవ్వకండి, తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఈ జాగ్రత్త ఇంట్లోనూ తప్పదు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం ఆయుధాల రిపేరు వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. లేత్ పనివాడు ఎంత నేర్పరి అయినా అతని చేతికి ఇవ్వకండి. మీ లైసెన్సు వెంట ఉంచుకోండి, ఆయుధాన్ని ఖాళీ చేసి ప్యాక్ చేసి తీసుకెళ్లండి, ఆయుధం నంబరు రాసిన రసీదు తీసుకోండి. పాలిష్ చేయిస్తుంటే నంబరు చెరగకూడదని ముందే చెప్పండి, చెరిపితే నేరం. మార్చిన పాత పార్టులు అడిగి తీసుకోండి. ఆరు గదుల్లోనూ పేల్చి పరీక్షించారా అని అడిగి, ఆ ఖాళీ కేసుల మీద గుంటలు మీ కళ్లతో చూశాకే డబ్బు చెల్లించండి.