హాల్లో పెద్ద ఖాళీ గోడను అలంకరించడం ఎలా?

సోఫా వెనక పది పన్నెండు అడుగుల గోడ బోసిగా ఉంటే చాలామంది ముందుగా చేసే పని, నడిమధ్యలో మేకు కొట్టి ఓ చిన్న ఫ్రేము తగిలించడం. దాంతో గోడ నిండదు సరికదా, ఇంకా వెలితిగా కనిపిస్తుంది. నేనూ అదే చేశాను. పైగా బాగా ఎత్తులో పెట్టాను. ఇంటికొచ్చినవాళ్లు గడియారమేమో అనుకుని టైము చూడబోయేవాళ్లు! గోడ పెద్దదైతే దాని మీది అలంకరణా పెద్దగానే కనిపించాలి. అది ఒకే వస్తువు కావచ్చు, లేదా పది చిన్నవి కలిసి ఒక్కటిగా కనిపించవచ్చు.

1. ముందు గోడను చదవండి

టేపు పట్టుకుని గోడ పొడవు, ఎత్తు, సోఫా వెడల్పు కొలిచి రాసుకోండి. స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. గోడ మీద నేరుగా ఎండ పడుతుందా అన్నదీ చూడాలి. పడే చోట నీటిరంగుల బొమ్మలు, ఫోటోలు పెడితే కొన్నేళ్లకే వెలిసిపోతాయి. పెయింటు పొక్కులు లేచి ఉంటే చాలావరకు లోపల చెమ్మ ఉన్నట్టే. అది బాగుచేయించకుండా ఫ్రేము తగిలిస్తే మరక దాగుతుందేమో గానీ, వెనక బూజు పడుతుంది.

2. ఏం పెట్టాలి?

నన్నడిగితే ఒకే పెద్ద బొమ్మకు నా ఓటు. సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులుంటే చూపుకు సరిపోతుంది. సోఫా ఏడడుగులు, అంటే 84 అంగుళాలనుకోండి. బొమ్మ దాదాపు 56 అంగుళాలుండాలి. అంత పెద్దది దొరక్కపోతే మీకు నచ్చిన బట్టను చెక్క చట్రానికి బిగుతుగా లాగి, వెనకవైపు స్టేపుల్ పిన్నులు కొట్టండి. అది బట్ట అని చెబితే తప్ప చూసేవాళ్లకు తెలియదు.

అద్దం పెట్టాలనుకుంటే కొనకముందే ఒక పని చేయండి. అది వచ్చే చోట గోడకు ఆనుకుని నిలబడి ఎదురుగా చూడండి. కిటికీ ఉంటే సరే, గదిలో వెలుతురు పెరుగుతుంది. చెప్పుల స్టాండు కనిపిస్తోందా? అద్దం పెట్టాక ఇంట్లో రెండు చెప్పుల స్టాండులుంటాయి.

ఇవేవీ వద్దనుకుంటే రెండు మూడు పొడవాటి అల్మారా పలకలు బిగించి పుస్తకాలు, మొక్కలు పెట్టుకోవచ్చు. గోడకు ముదురు రంగు వేసి అలాగే వదిలేసినా బాగుంటుంది.

3. మేకు కంటే ముందు కాగితం

చిన్న ఫ్రేములు గుంపుగా పెట్టేవాళ్లు ఈ మెట్టు దాటేయొద్దు. ముందు అన్నిటినీ నేల మీద పరిచి అటూ ఇటూ జరిపి చూడండి. అన్నిటికంటే పెద్దదాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు పెట్టి, మిగతావి దాని చుట్టూ పేర్చండి. మధ్య ఖాళీలు రెండు మూడు అంగుళాలకు మించకూడదు. మించితే గుంపు విడిపోయి ఎవరికి వారే అన్నట్టు కనిపిస్తాయి.

పేర్పు కుదిరాక ఒక్కో ఫ్రేమునూ పాత వార్తాపత్రిక మీద పెట్టి దాని కొలతకు కత్తిరించండి. తగిలించే చోటు ఎక్కడొస్తుందో కాగితం మీదే చుక్క పెట్టండి. వెనక తీగ ఉంటే, కొక్కేనికి వేలాడినప్పుడు లాగినట్టుగా దాన్ని వేలితో పైకి లాగిపట్టి కొలవాలి. వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే తేడా వస్తుంది. ఈ కాగితాలను మాస్కింగ్ టేపుతో గోడకు అంటించి ఒకట్రెండు రోజులు అలాగే ఉంచండి. వస్తూ పోతూ చూస్తుంటే ఏది ఒదగలేదో కంటికే తెలుస్తుంది.

4. ఎత్తు లెక్క

బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57–60 అంగుళాల ఎత్తులో ఉండాలి. నిలబడ్డ మనిషి చూపు దాదాపు అక్కడే పడుతుంది. ఉదాహరణకు ఫ్రేము ఎత్తు 24 అంగుళాలు. మధ్యభాగం 58 దగ్గర రావాలంటే పైఅంచు 70 దగ్గరుంటుంది. పైఅంచు నుంచి లాగిపట్టిన తీగ 3 అంగుళాల కిందికి ఉంటే, కొక్కెం 67 దగ్గర రావాలి. గుంపైతే మొత్తం గుంపు మధ్యభాగాన్ని లెక్కలోకి తీసుకోండి.

సోఫా పైన పెట్టేటప్పుడు మాత్రం సోఫా వీపు నుంచి ఫ్రేము కింది అంచుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎడం ఉంచండి. ఈ రెండు లెక్కలూ కుదరకపోతే సోఫా లెక్కకే కట్టుబడండి. ఎడం మరీ ఎక్కువైతే సోఫాకూ బొమ్మకూ పొత్తు లేనట్టుంటుంది.

5. బిగించడం

స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కల రంధ్రం వేయకండి. గోడ లోపలి వైర్లు మామూలుగా ఆ వరసలోనే పోతాయి. వెనక బాత్రూముంటే నీటి పైపుల సంగతీ కనుక్కోండి. ఇటుక, కాంక్రీటు గోడకు డ్రిల్లు చేసి ప్లాస్టిక్ ప్లగ్గు దింపి స్క్రూ బిగించాలి. 6 మి.మీ. ప్లగ్గుకు 6 మి.మీ. బిట్టే వాడండి. వేలితో కొడితే బోలుగా మోగే జిప్సం బోర్డు గోడకు ఈ ప్లగ్గులు పట్టవు, దానికి వేరే రకం అడిగి తెచ్చుకోండి. కాగితం మీది చుక్క నుంచే డ్రిల్లు చేసి, తర్వాత కాగితం చింపేయండి.

అద్దె ఇల్లయితే అంటించే పట్టీలున్నాయి. ప్యాకెట్ మీద రాసిన బరువు దాటించొద్దు. అద్దాలకు మాత్రం నేను వాటిని నమ్మను.

6. చివరి సర్దుబాట్లు

రాత్రి లైట్లు వేసి సోఫాకు ఎదురుగా కూర్చోండి. ఫ్రేము గాజులో బల్బు కళ్లలో కొడుతుంటే బల్బు దిశ మార్చండి, లేదా కాంతి మెరవని గాజు వేయించండి. తలుపు వేసినప్పుడల్లా ఫ్రేములు పక్కకు ఒరుగుతుంటే, వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అంటించండి. పెద్ద ఫ్రేముకైతే ఒకటి బదులు రెండు కొక్కేలు వేస్తే అసలు కదలదు.