ఎలుకలు తిరిగిన ఇంటిని ఎలా శుభ్రం చేయాలి? (అటవీ గ్రామాల కోసం)

నైజీరియా, లైబీరియా, సియెర్రా లియోన్, గినీ దేశాల్లో లాసా జ్వరం అనే వైరస్ జబ్బును మోసేది మాస్టోమిస్ జాతి ఎలుక. అది ఇళ్లలోకి చేరి ధాన్యం తింటుంది. అమెజాన్ అడవుల్లో హంటా వైరస్‌లు కూడా ఎలుకల నుంచే సోకుతాయి. ఎలుక కరవక్కర్లేదు. దాని మూత్రం, పెంటికలు ఎండి దుమ్ములో కలిస్తే, వైరస్ ఊపిరితోనే లోపలికి పోవచ్చు.

అందుకే పెంటికలు కనబడగానే పొడి చీపురు పట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే.

1. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటే ఉండండి.

2. గ్లౌజులు, మాస్క్ వేసుకోండి. ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలపండి. పెంటికలు, గూళ్లు బాగా నానేలా మెల్లగా పోసి ఐదు నిమిషాలు ఆగండి. ధారగా కొడితే దుమ్ము లేస్తుంది. మట్టి నేలైనా ముందు తడపాల్సిందే.

3. తడిసిన చెత్తను పాతగుడ్డతో ఎత్తి, సంచిలో మూటకట్టి లోతుగా పాతిపెట్టండి. చచ్చిన ఎలుకనూ ఇలాగే తడిపి తీయాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

4. తిండిగింజలను గట్టి మూత ఉన్న డబ్బాల్లో పెట్టండి. నేలమీద, రోడ్డు పక్కన ఆరబెట్టకండి. నైజీరియాలో కర్రపెండలంతో చేసే గారీని చాలామంది చన్నీళ్లలో నానబెట్టి తినేస్తారు. మళ్లీ ఉడికించరు కాబట్టి దాని విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

5. కలుగులు మూసి, బోనులు పెట్టండి. దీని ఫలితం తక్కువేమీ కాదు. 1964లో బొలీవియాలోని శాన్ హోవాకీన్‌లో ఇళ్లలోని ఎలుకలను బోనులతో పట్టేశాక, ఎలుకల నుంచే సోకే మాచుపో వైరస్ జ్వరం ఆగిపోయింది.

ఎలుక మాంసం మానేయమని చెప్పడం తేలికే. వేరే మాంసం దొరకని ఇంటికి ఆ సలహా ఎందుకు పనికొస్తుంది? బాగా ఉడికితే వైరస్ చస్తుంది. అసలు ప్రమాదం తోలు తీసి, కోసేటప్పుడే. చేతికి గాయం ఉన్నవాళ్లు ఆ పనికి దూరంగా ఉండాలి, పిల్లలతో చేయించకూడదు.

ఎలుకలున్న చోట మసలిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే ఆలస్యం చేయకండి. లాసా మొదట్లో మలేరియాలాగే కనిపిస్తుంది. కాబట్టి ఎలుకల సంగతి ఆరోగ్య కార్యకర్తకు మీరే చెప్పండి. లాసా రోగి రక్తం, వాంతుల ద్వారా సేవచేసేవాళ్లకూ సోకుతుంది, వాళ్లూ గ్లౌజులు వేసుకోవాలి.