పాత కౌబాయ్ సినిమాల్లో ఎవరికి చోటు దక్కిందో చూడటం ఎలా?

సినిమా పెట్టే ముందే నటీనటుల జాబితా ఒకసారి చూసుకోండి. ‘బ్రోకెన్ యారో’ (1950)లో అపాచీ తెగ నాయకుడు కొచీజ్‌గా వేసింది జెఫ్ చాండ్లర్ అనే తెల్ల నటుడు. ఆ వేషానికి ఆయనకు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. అదే సినిమాలో జెరోనిమోగా కాసేపు కనిపించే జే సిల్వర్‌హీల్స్ మాత్రం నిజంగానే మోహాక్ తెగవాడు. అంటే అమెరికా మూలవాసుల్లో నటులు లేక కాదు, పెద్ద వేషం వాళ్లదాకా రానివ్వలేదంతే.

నేను ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసి కౌబాయ్‌ల మీద పిచ్చి పెంచుకున్న తరం వాణ్ణి. ఈ సినిమాలంటే ఇప్పటికీ ప్రాణం. అందుకే మా మేనకోడలికి చూపించేటప్పుడు ఇవన్నీ చెప్పి మరీ చూపిస్తున్నాను.

తర్వాత చెవి పెట్టండి. దర్శకుడు జాన్ ఫోర్డ్‌కి ఇష్టమైన షూటింగ్ చోటు మాన్యుమెంట్ వ్యాలీ నవాహో తెగవాళ్ల నేల. అక్కడివాళ్లనే ‘ది సెర్చర్స్’ (1956)లో కమాంచీలుగా, ‘షయాన్ ఆటమ్’ (1964)లో షయాన్‌లుగా నిలబెట్టాడు. వాళ్లు మాట్లాడింది మాత్రం తమ నవాహో భాషే. గోండుల కథ తీసి వాళ్లతో సవర భాష మాట్లాడిస్తే ఆదిలాబాద్‌లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఒక్క సినిమాకే టైమ్ ఉందంటే ‘ది సెర్చర్స్’ చూడండి, ఆపి ఆపి చూడండి. జాన్ వేన్ వేసిన హీరో ఈథన్ మనసు నిండా కమాంచీల మీద ద్వేషం. చచ్చిపడున్న కమాంచీ కళ్లను కూడా తుపాకీతో కాలుస్తాడు. ఆ ద్వేషాన్ని సినిమా దాచదు, అదే దాని గొప్పతనం. ఈథన్, కమాంచీ నాయకుడు స్కార్ ఎదురుపడే చోట తప్పకుండా ఆగండి. మా భాష బాగానే మాట్లాడుతున్నావే, ఎవరు నేర్పారని ఈథన్ వెటకారంగా అడుగుతాడు. స్కార్ అదే ప్రశ్న తిప్పి అడుగుతాడు. తన కొడుకులు ఇద్దరినీ తెల్లవాళ్లు చంపారనీ చెబుతాడు. ఆ కాసేపట్లోనే అతని బాధ మనకు తెలుస్తుంది, తర్వాత దాని ఊసే ఉండదు. పైగా స్కార్‌గా వేసిన హెన్రీ బ్రాండన్ పుట్టింది జర్మనీలో.

ఇదే సినిమాలో ఈథన్ వెంట తిరిగే కుర్రాడు మార్టిన్‌కు పొరపాటున భార్య అయిన కమాంచీ అమ్మాయి తన పేరు చెప్పుకుంటుంది. మార్టిన్ ఏదో అనబోయి ‘లుక్’ అంటాడు, ఇక ఆమె పేరు అదే అయిపోతుంది. అతను ఆమెను కాలితో తన్ని దొర్లించడం నవ్వు కోసం తీశారు. “మామయ్యా, ఇందులో నవ్వేదేముంది?” అంది మా మేనకోడలు. ఆ ప్రశ్న రాసి పెట్టుకోండి. నవ్వు ఎవరి మీద, చావు ఎవరికి అని ప్రతి సినిమాలోనూ చూడండి. ‘బ్రోకెన్ యారో’లో తెల్ల హీరో పెళ్లి చేసుకున్న అపాచీ అమ్మాయి కూడా చివరికి చచ్చిపోతుంది.

‘హై నూన్’ (1952)లో మాత్రం కేటీ హురాడో వేసిన హెలెన్ రామిరెజ్‌ను చూసి ఆనందించండి. వ్యాపారం తనది, నిర్ణయం తనది, ఊరు వదిలి వెళ్లేటప్పుడు తల వంచదు. హీరో ఆమెతో ఒకటి రెండు మాటలు స్పానిష్‌లో మాట్లాడతాడు. మెక్సికో నటి మెక్సికన్ పాత్రకు ఎంత బలం తెచ్చిందో చూస్తే, మిగతా సినిమాలు ఏం పోగొట్టుకున్నాయో తెలుస్తుంది.

తెర మీద అసలు లేనివాళ్ల కోసం కాస్త చరిత్ర చదవాలి. పశువుల మందలు తోలిన కౌబాయ్‌లలో దాదాపు నాలుగో వంతు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా. బానిసగా పుట్టిన బాస్ రీవ్స్ అనే నల్లాయన డిప్యూటీ మార్షల్‌గా (అమెరికా ప్రభుత్వ పోలీసు అధికారిగా) ఎన్నో ఏళ్లు నేరస్థులను పట్టాడు. 1869లో పూర్తయిన అమెరికా ఖండాంతర రైలుమార్గానికి పడమటి వైపు కొండలు తొలిచింది వేలాది చైనా కూలీలు. మామూలు వెస్టర్న్‌లో, అంటే కౌబాయ్ సినిమాలో, వీళ్లను వెతికినా దొరకరు.

ఫోర్డే తీసిన ‘సార్జెంట్ రట్లెడ్జ్’ (1960)లో నల్ల నటుడు వుడీ స్ట్రోడ్ కోర్టులో నిలబడి తన ఆత్మగౌరవం గురించి చెప్పే ఘట్టం చాలా బలంగా ఉంటుంది. కథ అతనిదే అయినా నటుల పేర్లలో ముందున్నది తెల్ల నటుడు జెఫ్రీ హంటర్. ఆ వెంటనే నల్ల నటుడు సిడ్నీ పోయిటియర్ దర్శకత్వం వహించి నటించిన ‘బక్ అండ్ ది ప్రీచర్’ (1972) పెట్టండి. అందులో బానిసత్వం నుంచి బయటపడి బళ్లు కట్టుకుని పడమటికి పోయే నల్లవాళ్లు దారి కోసం మూలవాసులతో నేరుగా బేరమాడతారు. మధ్యవర్తిగా తెల్ల హీరో ఉండడు.