డౌన్‌లోడ్ చేసిన ఫైల్ మళ్లీ దొరకాలంటే ఎలా చేయాలి?

బ్రౌజర్‌లో ఫైల్ కనిపించినంత మాత్రాన అది మీ చేతికి వచ్చినట్టు కాదు. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో నెట్ సెంటర్ నడుపుతున్నాను కాబట్టి ఈ సంగతి రోజూ ఎవరో ఒకరికి చెప్పాల్సి వస్తోంది. దర్శనం టికెట్ ప్రింటు తీసుకోవాలని ఒకాయన వస్తాడు. ఫోన్ తీసి ట్యాబ్ తెరుస్తాడు. పేజీ గిర్రున తిరిగి లాగిన్ అడుగుతుంది, ఓటీపీ వచ్చే నంబరేమో ఊళ్లో కొడుకు దగ్గర ఉంటుంది. "నిన్న రాత్రి కూడా చూస్తిని అన్నా, దీంట్లోనే ఉండింది" అంటాడు. నిజమే, చూశాడు. కానీ సేవ్ చేయలేదు. ఫోన్లో మెమరీ చాలనప్పుడు క్రోమ్ వెనకున్న ట్యాబ్‌లను వదిలేస్తుంది, మళ్లీ తెరిస్తే సైట్‌ను కొత్తగా అడుగుతుంది. అప్పటికి లాగిన్ గడువు అయిపోయి ఉంటే టికెట్ రాదు. అందుకే కింద చెప్పే పద్ధతి. ఎక్కువగా విండోస్ కంప్యూటర్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నాను, ఫోన్ సంగతి చివర్లో వస్తుంది.

ఏం కావాలి

కంప్యూటర్, బ్రౌజర్, పీడీఎఫ్ చదవడానికి విడిగా ఒక ప్రోగ్రామ్. అంతే. డౌన్‌లోడ్ మేనేజర్ అని విడిగా ఏదీ వేసుకోవద్దు, ఈ పనికి దాని అవసరం లేదు.

మొదట ఫోల్డర్, తర్వాత సెట్టింగ్

డీ డ్రైవ్‌లో మీ పేరుతో ఒక కొత్త ఫోల్డర్ చేసుకోండి. డీ డ్రైవ్ లేకపోతే డాక్యుమెంట్స్‌లో. డెస్క్‌టాప్ మీద మాత్రం వద్దు, అక్కడ పెట్టిన ఫైళ్లు నెల తిరిగేసరికి ఏది ఏదో తెలియకుండా పోతాయి.

ఇప్పుడు బ్రౌజర్‌కు చెప్పాలి. క్రోమ్‌లో సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లోకి వెళ్తే 'ఆస్క్ వేర్ టు సేవ్ ఈచ్ ఫైల్ బిఫోర్ డౌన్‌లోడింగ్' అని ఒక మీట ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఎడ్జ్‌లో కూడా సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లోనే 'ఆస్క్ మీ వాట్ టు డూ విత్ ఈచ్ డౌన్‌లోడ్' అని ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్ తెరిచి 'ఆల్వేస్ ఆస్క్ యూ వేర్ టు సేవ్ ఫైల్స్' దగ్గర టిక్ పెట్టండి. ఫైర్‌ఫాక్స్ పాతకాలంలో ప్రతి ఫైల్‌కూ తెరవాలా, సేవ్ చేయాలా అని అడిగేది. 2022 మార్చిలో వచ్చిన 98వ వెర్షన్ నుంచి అడగడం మానేసి నేరుగా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడేయడం మొదలుపెట్టింది. అది మంచి మార్పు అనేవాళ్లున్నారు, ఒక క్లిక్కు తగ్గిందట. నా లెక్కలో ఆ ఒక్క క్లిక్కే మనిషిని ఆపి 'ఇది ఎక్కడికి పోతోంది' అని ఆలోచించేలా చేసేది. పాత పద్ధతి కావాలంటే అదే సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్ కింద 'ఆస్క్ వెదర్ టు ఓపెన్ ఆర్ సేవ్ ఫైల్స్' ఎంచుకోవచ్చు.

పీడీఎఫ్ ట్యాబ్‌లో తెరుచుకుంటే

ఒక సైట్‌లో పీడీఎఫ్ నొక్కితే డౌన్‌లోడ్ అవుతుంది, ఇంకో సైట్‌లో నొక్కితే ట్యాబ్‌లోనే తెరుచుకుంటుంది. దీనికి మీ కంప్యూటర్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. సైట్ ఫైల్‌తో పాటు మన కంటికి కనిపించని హెడర్లు అనే సూచనలు కొన్ని పంపుతుంది, అందులో ఒకటి కంటెంట్ డిస్పొజిషన్. దాంట్లో 'అటాచ్‌మెంట్' అని ఉంటే బ్రౌజర్ ఫైల్‌ను దించుకుంటుంది, 'ఇన్‌లైన్' అని ఉన్నా, అసలు ఆ హెడరే లేకపోయినా తనకు చూపించడం చేతనైన ఫైల్ అయితే అక్కడే చూపిస్తుంది. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌కు వెళ్లి, అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్ కింద పీడీఎఫ్ డాక్యుమెంట్స్‌లో 'డౌన్‌లోడ్ పీడీఎఫ్స్' పెట్టేస్తే ఈ తేడా ఉండదు. నేను ప్రతి సిస్టమ్‌లోనూ మొదట చేసే పని ఇదే, మీరూ అలాగే పెట్టుకోండి.

ట్యాబ్‌లో తెరుచుకున్న పీడీఎఫ్‌ను దించుకోవాలంటే దాని పైన కుడివైపున్న కింది బాణం గుర్తు నొక్కాలి. కంట్రోల్ ఎస్ కాదు. పీడీఎఫ్ ఒక్కటే ట్యాబ్ నిండా ఉంటే కంట్రోల్ ఎస్ పనిచేస్తుంది గానీ, సైట్ తన పేజీ మధ్యలో ఒక గడిలో పీడీఎఫ్ చూపిస్తుంటే మాత్రం చుట్టూ ఉన్న వెబ్ పేజీ సేవ్ అవుతుంది. పీడీఎఫ్ ఫారంలో వివరాలు టైప్ చేసి ఉంటే క్రోమ్ ఆ బాణం దగ్గరే 'విత్ యువర్ చేంజెస్', 'వితౌట్ యువర్ చేంజెస్' అని రెండు దారులు చూపిస్తుంది. రెండోది నొక్కి ఖాళీ ఫారం తెచ్చుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇక్కడే ఇంకో మాట. బాణం కనిపించలేదని ప్రింట్‌కు వెళ్లి 'సేవ్ యాజ్ పీడీఎఫ్' చేసుకొస్తుంటారు. చూడ్డానికి అదే కాగితం, కానీ లోపల అదే ఫైల్ కాదు. ఈ-ఆధార్ లాంటి వాటిలో డిజిటల్ సంతకం ఫైల్ లోపల ఉంటుంది. ప్రింట్ కొట్టి తయారుచేసిన కొత్త పీడీఎఫ్‌లో సంతకం బొమ్మగా మాత్రమే మిగులుతుంది, దాన్ని సరిచూడటం కుదరదు. అసలు ఫైల్‌ను దాచండి. స్క్రీన్‌షాట్ అయితే ఇంకా నయం అనేవాళ్లు కూడా ఉన్నారు, కాదు, అది అన్నింటికన్నా నాసి. దాన్ని మళ్లీ వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇంకా కుదించుకుపోయి ప్రింటులో అక్షరాలు అలుక్కుపోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది: 'ఓపెన్' నొక్కడం

ఇంతవరకూ చదవకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం నిదానంగా చదవండి.

మెయిల్లో ఒక ఎక్సెల్ ఫైల్ వచ్చిందనుకోండి. నొక్కగానే బ్రౌజర్ 'ఓపెన్', 'సేవ్ యాజ్' అని అడుగుతుంది. తొందరలో ఉన్న మనిషి ఓపెన్ నొక్కుతాడు. ఎక్సెల్ తెరుచుకుంటుంది, పైన పసుపు పచ్చ పట్టీ మీద 'ప్రొటెక్టెడ్ వ్యూ' అని ఉంటుంది, 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కుతాడు, కూర్చుని వరసలన్నీ నింపుతాడు, మధ్యమధ్యలో బుద్ధిగా కంట్రోల్ ఎస్ కూడా కొడతాడు. ఎక్సెల్ ఏ అభ్యంతరమూ చెప్పదు. సేవ్ అయింది కూడా. ఎక్కడ? ఎడ్జ్‌లోనూ, కొన్ని సెట్టింగ్‌లతో ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఓపెన్ అన్న ఫైల్ మీ ఫోల్డర్‌లోకి రాదు, విండోస్ టెంప్ అనే ఫోల్డర్‌లోకి పోతుంది. టెంప్ అంటేనే పనైపోయాక ఊడ్చేసే చోటు. బ్రౌజర్ మూసినప్పుడు అది ఊడ్చవచ్చు, స్టోరేజ్ సెన్స్ అని విండోస్‌లోనే ఉన్న ఏర్పాటు ఊడ్చవచ్చు, సిస్టమ్ స్పీడ్ పెరగాలని ఎవరో వేసిన క్లీనర్ ఊడ్చవచ్చు. మరునాడు ఆ మనిషి మళ్లీ మెయిల్ తెరిచి అదే ఫైల్ నొక్కితే ఖాళీ వరసలు కనిపిస్తాయి. మెయిల్లో ఉన్నది అసలు ఫైల్, మీరు నింపింది దాని నకలు, ఆ రెండింటికీ సంబంధం లేదు.

శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఇలాగే పిల్లల మార్కుల పట్టిక మొత్తం ఎక్కించి, సిస్టమ్ ఆపి, భోంచేసి వచ్చారు. ఆవిడ ఏడవలేదు గానీ మౌస్ పట్టుకున్న చెయ్యి వణికింది. ఫైల్‌ను టెంప్‌లో వెతికాం, లేదు. మళ్లీ మొదటి నుంచీ టైప్ చేశారు. 'సేవ్ కొట్టాను కదా' అని ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనది. సేవ్ అన్న మాటకు 'నేను చెప్పిన చోట దాచు' అనే ఎవరైనా అర్థం చేసుకుంటారు. మీకు తెలియని చోట దాచి, దాచానని చెప్పి, తర్వాత చెరిపేసే పద్ధతిని ఇన్నేళ్లుగా జనం మీద ఎందుకు రుద్దుతున్నారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి నియమం ఇది: ముందు సేవ్, తర్వాత ఓపెన్. బ్రౌజర్ అడిగినప్పుడు ఎప్పుడూ 'సేవ్ యాజ్' నొక్కండి, ఫోల్డర్ చూపించండి, బ్రౌజర్‌ను పక్కకు నెట్టి ఆ ఫోల్డర్‌లోకి మీరే వెళ్లి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయండి. క్రోమ్ మామూలుగా ఫైల్‌ను డౌన్‌లోడ్స్‌లోనే పెట్టి తెరుస్తుంది, టెంప్‌లోకి పంపదు, అయినా సరే ఇలాగే చేయండి. ఇవాళ క్రోమ్ ముందు కూర్చుంటారు, రేపు ఆఫీసులో ఎడ్జ్ ముందు కూర్చుంటారు. అలవాటు ఒకటే ఉండాలి.

ఇప్పటికే ఓపెన్ నొక్కి సగం పని చేసేసి ఉంటే? ఏదీ మూయొద్దు. వర్డ్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఎఫ్ 12 నొక్కండి, సేవ్ యాజ్ కిటికీ తెరుచుకుంటుంది. పైన ఫోల్డర్ దారి చూడండి. అందులో 'యాప్‌డేటా', 'లోకల్', 'టెంప్' అన్న మాటలు కనిపిస్తే మీరు ఊడ్చేసే చోట కూర్చుని పనిచేస్తున్నట్టే. అక్కడికక్కడే మీ ఫోల్డర్ ఎంచుకుని సేవ్ చేయండి. ఆ తర్వాతే టీకి లేవండి.

చాలా ఫైళ్లను ఒకే మూటగా కట్టిన జిప్ ఫైళ్లదీ ఇదే గొడవ, ఇంకాస్త మోసంగా ఉంటుంది. విండోస్‌లో జిప్‌ను డబుల్ క్లిక్ చేస్తే మామూలు ఫోల్డర్ లాగే తెరుచుకుంటుంది, లోపలి ఫైళ్లు కూడా తెరుచుకుంటాయి. కానీ అలా తెరిచిన ప్రతి ఫైల్ టెంప్‌లోకి తీసిన నకలే. మీరు ఏం మార్చినా జిప్‌లోది మారదు. ముందు జిప్ మీద రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' నొక్కండి, బయటికి వచ్చిన ఫోల్డర్‌లో పని చేయండి. తర్వాత జిప్‌ను తీసేయండి, రెండూ ఒకచోట ఉంటే మళ్లీ చెయ్యి దాని మీదికే పోతుంది.

వచ్చింది సరైన ఫైలేనా?

సేవ్ చేశాక ఒకసారి ఫోల్డర్‌లో చూడండి. పేరు చివర 'సీఆర్‌డౌన్‌లోడ్' అని ఉంటే క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ ఇంకా దించుతోందని అర్థం. ఫైర్‌ఫాక్స్‌లో 'పార్ట్' అని ఉంటుంది. ఆ తోకను చెరిపి పేరు మార్చితే ఫైల్ పూర్తికాదు. పేర్ల చివరి తోకలన్నీ కనిపించాలంటే ఫోల్డర్ వ్యూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఆన్ చేసి ఉంచండి. విండోస్ వాటిని దాచిపెట్టి అమ్ముతుంది, నేను మొదటి రోజే బయటికి తీస్తాను. పెళ్లి పత్రిక అనో, చలానా అనో వాట్సాప్‌లో వచ్చిన దాని చివర 'ఏపీకే' అని ఉందనుకోండి, అది కాగితం కాదు, ఫోన్లో ఎక్కి కూర్చునే యాప్. నొక్కొద్దు.

పీడీఎఫ్ అని పేరుంది, తెరిస్తే తెరుచుకోదు. చాలాసార్లు కారణం ఒకటే: లాగిన్ గడువు అయిపోయాక లింక్ మీద రైట్ క్లిక్ చేసి 'సేవ్ లింక్ యాజ్' కొట్టి ఉంటారు, సైట్ టికెట్‌కు బదులు లాగిన్ పేజీ పంపి ఉంటుంది, బ్రౌజర్ దానికే పీడీఎఫ్ పేరు పెట్టి దాచి ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అసలైన పీడీఎఫ్ అయితే మొట్టమొదట శాతం గుర్తు, దానికి ఆనుకుని పీడీఎఫ్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వెబ్ పేజీ అయితే హెచ్‌టీఎంఎల్ అన్న మాట పైనే కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ లాగిన్ అయి దించుకోవడమే, ఇంకో మార్గం లేదు. ఈ-ఆధార్ అయితే పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ఫైల్ చెడిపోయి కాదు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, వెంటనే పుట్టిన సంవత్సరం.

పేరు

బ్రౌజర్ ఇచ్చిన పేరు ఉంచొద్దు. రెండోసారి దించితే పక్కన బ్రాకెట్లో 1 చేరుతుంది, మూడోసారి 2. వాటిలో సవరించిన కాపీ ఏదో ఎవరికీ తెలియదు. ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఏ కాగితం, తర్వాత ఎవరిది: 2025-03-14-ఈసీ-నాన్న (ఈసీ అంటే ఆస్తికి ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ఇలా పెడితే ఫోల్డర్‌లో వాటంతటవే తేదీల వరుసలో నిలబడతాయి. తేదీని ముందు రాసి సంవత్సరం చివర పెట్టేవాళ్లకు ఈ వరుస రాదు.

ఫోన్లో

టికెట్ కనిపించగానే బాణం గుర్తు నొక్కి దించండి, ఫైల్స్ యాప్‌లోకి వెళ్లి డౌన్‌లోడ్స్‌లో ఉందో లేదో చూడండి, డేటా ఆపేసి ఒకసారి తెరవండి. తెరుచుకుంటేనే అది మీ దగ్గర ఉన్నట్టు. కొండకు బయల్దేరే ముందు ఇంట్లోనే ఈ పని చేసుకోండి, అలిపిరి దగ్గర నిలబడి కాదు.

మా దగ్గర గానీ, ఇంకో నెట్ సెంటర్లో గానీ దించితే

పనైపోయాక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, పెన్‌డ్రైవ్‌లోనే తెరిచి చూసుకోండి. తర్వాత కంట్రోల్ జె నొక్కితే డౌన్‌లోడ్ల జాబితా వస్తుంది. ఆ జాబితాను ఖాళీ చేసినంత మాత్రాన ఫోల్డర్‌లోని ఫైల్ పోదు, కాబట్టి ముందు అక్కడినుంచి ఫోల్డర్ తెరిచి మీ ఆధార్, పాన్, పాస్‌బుక్ కాపీలు ఏవున్నా ఎంచుకుని షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి. ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లో ఉండిపోతాయి. జాబితా ఆ తర్వాత ఖాళీ చేయండి, మెయిల్లోంచి లాగౌట్ అవండి. షాపువాళ్లు ఏమైనా అనుకుంటారని మొహమాటపడొద్దు. నా కౌంటర్ దగ్గరైతే నేనే అడిగి మరీ చేయిస్తాను.