పాత కారుకి రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ విడిగా వేసుకోవడం ఎలా

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతూ మరిగి ఆగిపోయే పాత కార్లలో చాలావాటికి జబ్బు ఇంజనులో ఉండదు, గాలిలో ఉంటుంది. ముందొక లోడు లారీ, వెనకొక లోడు లారీ, మధ్యలో మన మారుతి 800 ఫస్టు గేరులో పాకుతూ పోతుంది. వేగం లేదు కాబట్టి ఎదురుగాలి లేదు. అప్పుడు రేడియేటర్‌కి ఫ్యానే దిక్కు. అది తిరగాల్సిన వేళకి తిరక్కపోతే రెండు మలుపులు దాటేలోపు హీట్ గేజి ముల్లు పైకెక్కి కూర్చుంటుంది.

నాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఆటో ఎలక్ట్రికల్ షాపు. "మేస్త్రీ, ఫ్యాను మన చేతిలో ఉండేట్టు ఒక స్విచ్ పడేయ్" అని అడిగేవాళ్ళు మార్చి నుంచి వానలు పడేదాకా వస్తూనే ఉంటారు. పని కష్టమైనది కాదు. కానీ చాలాచోట్ల తప్పు పద్ధతిలో చేస్తున్నారు. డాష్‌బోర్డు కరిగిపోయిన బండ్లు, తాళం తీసినా ఇంజను ఆగని బండ్లు నా దగ్గరికి వచ్చాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఇది ఏ బండ్లకో చెప్తాను. పాత అంబాసిడర్, పద్మిని లాంటివాటిలో ఫ్యానుని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది, వాటికి ఈ స్విచ్‌తో పని లేదు. పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్ముతూ, ఫ్యానుని కంప్యూటర్ నడిపించే ఎంపీఎఫ్ఐ బండ్ల జోలికి ఈ పద్ధతిలో వెళ్ళొద్దు. కార్బురేటర్ ఉండి, కరెంటు మోటారుతో తిరిగే ఫ్యాను, దానికొక థర్మో స్విచ్ ఉన్న బండ్లకే ఇది.

థర్మో స్విచ్ చేసేది చిన్న పనే. కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే రేడియేటర్ నీళ్ళు) వేడి బండిని బట్టి 92 నుంచి 98 డిగ్రీల మధ్యకి చేరగానే లోపల కాంటాక్టు కలుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది. కొన్ని డిగ్రీలు దిగగానే విడిపోతుంది. చాలా స్విచ్‌ల మీద ఆ అంకెలు కొట్టే ఉంటాయి, చూసుకోండి. మా కొరాపుట్ వైపు ఇందులో ఒక మెలిక ఉంది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత బాగుండి 0.9 బార్ ప్రెషర్ పట్టిందంటే 115 దాటితే గానీ మరగవు. మూత రబ్బరు ఎండిపోతే ఆ ప్రెషర్ నిలబడదు. అప్పుడు ఫ్యాను మొదలయ్యే వేడికీ నీళ్ళు మరిగే వేడికీ మధ్య మిగిలేది మహా అయితే ఐదు డిగ్రీలే, కొన్ని బండ్లలో అదీ ఉండదు. కాబట్టి స్విచ్ కొనేముందు కొత్త మూత కొనండి. ఇంజను చల్లారాకే పాత మూత తీయండి.

ఇంకొకటి. ఈ స్విచ్ మందు కాదు. కూలెంట్ కారుతున్నా, రేడియేటర్ గొట్టాలు మూసుకుపోయినా, హెడ్ గాస్కెట్ పోయినా ఫ్యాను ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. వాటిని ముందు చూపించుకోండి.

ఇప్పుడు పరీక్ష. థర్మో స్విచ్ కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్‌లో పెట్టి, వైరింగ్ వైపున్న రెండు పిన్నులనీ చిన్న తీగతో కలపండి. స్విచ్‌కి ఒకే పిన్ను ఉంటే ఆ తీగని బాడీకి తాకించండి. ఫ్యాను తిరిగితే మోటారు బాగుంది, స్విచ్ మీదే అనుమానం. తిరక్కపోతే ఫ్యూజు చూడండి. ఫ్యూజు కాలిన చోట రాగిపోగు చుట్టి ఉంటే దాన్ని పీకేసి సరైన ఫ్యూజు వేయండి. తర్వాత బ్యాటరీ నుంచి మోటారుకి నేరుగా ఇచ్చి చూడండి. అప్పటికీ కదలకపోతే మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి. కొత్త స్విచ్‌తో అది బాగుపడదు.

పిన్నులు కలిపినప్పుడు చెవి కూడా పెట్టండి. ఫ్యాను తిరిగేముందు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) ఉన్న పెట్టెలో "టక్" మని వినిపిస్తే మీ బండికి కంపెనీ రిలే ఉన్నట్టే, సగం పని తప్పింది. అలాంటి బండికి, లోపల బల్బు ఉన్న పాతకాలం టెస్ట్ లైటు తీసుకోండి. ఎల్ఈడీ రకం వద్దు. క్లిప్పుని బాడీకి పెట్టి, థర్మో స్విచ్ కనెక్టర్ పిన్నుల మీద ఒక్కొక్కటిగా సూది తాకించండి. ఒక పిన్ను దగ్గర రిలే టక్కుమంటుంది, బల్బు మాత్రం సరిగ్గా వెలగదు. బల్బులోంచి ఆ కాస్త కరెంటు పోవడమే రిలేకి చాలు. ఆ పిన్ను తీగ నుంచి ఒక సన్నని వైరు డాష్‌బోర్డు స్విచ్‌కి, స్విచ్ రెండో కాలు నుంచి బాడీ ఎర్త్‌కి. అంతే, పని అయిపోయింది.

టక్కు శబ్దం లేకపోతే మోటారు కరెంటు మొత్తం థర్మో స్విచ్‌లోంచే పోతోందని అర్థం. చిన్నకారు ఫ్యాను 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండింతల పైనే. ఈ కరెంటుని డాష్‌బోర్డు స్విచ్ దాకా తీసుకెళ్ళకండి. నా దగ్గరికొచ్చిన కరిగిన డాష్‌బోర్డులన్నీ అలా చేసినవే. పైగా అంత దూరం తిరిగొచ్చేసరికి తీగలోనే వోల్టేజి పడిపోయి ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. మధ్యలో రిలే ఉండాలి.

కావలసినవి: 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే, 30 ఆంపియర్ల పైబడినది. దాని హోల్డరు. 2.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) లావు వైరు రెండు మీటర్లు, 1 ఎస్‌క్యూ ఎంఎం వైరు నాలుగు మీటర్లు. వైరు చివర బిగించే థింబుల్స్, అతుకుల మీద తొడిగే హీట్ స్లీవు, ఆన్-ఆఫ్ స్విచ్, రేకు కన్నంలో వైరు ఒరుసుకోకుండా పెట్టే రబ్బరు రింగు (గ్రోమెట్). మంచి రిలేకి ఇంకో వంద పెట్టడానికి వెనకాడొద్దు. ఘాట్‌లో మీ ఇంజనుని కాసేది అదే.

బ్యాటరీ నెగటివ్ ఊడదీసి మొదలుపెట్టండి. రిలేని రేడియేటర్‌కి పక్కన, నీళ్ళు నేరుగా చిమ్మని చోట, పిన్నులు కిందికి ఉండేట్టు బిగించండి. పిన్నులు పైకి పెడితే హోల్డరులో వాననీళ్ళు నిలిచి, తుప్పు పట్టడానికి మా కొరాపుట్ వాన ఒక్కటి చాలు.

థర్మో స్విచ్‌కి వెళ్ళే రెండు తీగలకీ అడ్డంగా రిలే మీద 30, 87 అని అంకెలు ఉన్న పిన్నులు కలపాలి. ఒక తీగకి 30, రెండో తీగకి 87, రెండూ లావు వైరుతోనే. థర్మో స్విచ్‌కి ఒకే తీగ ఉన్న బండిలో 87ని ఆ తీగకి, 30ని రంగు గీకి మెరిపించిన బాడీ ఎర్త్‌కి బిగించండి. తాళం ఆన్‌లో మాత్రమే కరెంటు వచ్చే తీగ నుంచి 86కి ఇవ్వండి. 85 నుంచి సన్నని వైరు డాష్‌బోర్డు స్విచ్‌కి, అక్కణ్ణుంచి ఎర్త్‌కి. కొన్ని రిలేలలో లోపల కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడు ఉంటుంది, అందుకని 86కే ప్లస్ ఇవ్వడం అలవాటు చేసుకోండి.

ఇలా వేస్తే ఇంజను గదిలోంచి క్యాబిన్‌లోకి వెళ్ళేది ఒక్క సన్నని వైరే. రేపు ఎప్పుడైనా అది రేకుకి ఒరుసుకుని చర్మం ఊడినా మంట రాదు, ఫ్యూజు కాలదు. ఫ్యాను తిరుగుతూ ఉండిపోతుంది, అంతే. స్విచ్‌ని ఎర్త్ వైపు పెట్టమని నేను పట్టుబట్టేది ఇందుకే. అయినా రేకులో కన్నానికి గ్రోమెట్ తప్పనిసరి.

కొందరు 30 పిన్నుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు లాగుతారు. దీనిలో ప్రమాదం ఏమిటో తెలియాలంటే మీ బండి ఏ రకమో తెలియాలి. థర్మో స్విచ్ కనెక్టరూ మోటారు కనెక్టరూ రెండూ ఊడదీసి, తాళం ఆన్‌లో, మోటారు వైరింగ్ పిన్నులకి టెస్ట్ లైటు పెట్టండి. ఒక పిన్ను దగ్గర వెలిగితే మోటారుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, థర్మో స్విచ్ ఎర్త్ ఇస్తోంది. ఆ తీగలోకి మీరు బ్యాటరీ ప్లస్ తోస్తే థర్మో స్విచ్ కలిసిన క్షణాన నేరుగా షార్టు. ఏ పిన్నూ వెలగకపోతే థర్మో స్విచ్ ప్లస్ ఇస్తోంది. అప్పుడు ఇంకో చిక్కు. ఇంజను వేడిగా ఉండి థర్మో స్విచ్ కలిసి ఉండగా తాళం తీస్తారు. బ్యాటరీ కరెంటు రిలే దాటి, థర్మో స్విచ్‌లోంచి వెనక్కి నడిచి ఇగ్నిషన్ తీగలోకి వస్తుంది. అదే తీగ రిలేకి ప్రాణం పోస్తుంది కాబట్టి రిలే విడవదు. తాళం చేతిలో ఉంటుంది, ఇంజను నడుస్తూనే ఉంటుంది. థర్మో స్విచ్ రెండు తీగలకే అడ్డంగా కలిపితే ఈ రెండు ఆపదలూ రావు.

థర్మో స్విచ్ పాడైపోయిందని దాన్ని వదిలేసి, అంతా చేతి స్విచ్ మీదే నడుపుదామనే వాళ్ళుంటారు. నేను అలా వేయను. కుందులి సంతలో జనం మధ్య బండి తోలుతూ, పిల్లలు వెనక సీట్లో అల్లరి చేస్తుంటే ఎవరికి గుర్తుంటుంది? పొట్టంగి నుంచి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారికి ఇదే చెప్పాను. "నాకు మరుపు లేదు తమ్ముడూ" అన్నారు. "మీకు లేదు మాస్టారూ, మీ అబ్బాయి నడిపినప్పుడో?" అన్నాను. కొత్త థర్మో స్విచ్ వేశాకే చేతి స్విచ్ వేశాను.

సూచన దీపం కావాలంటే, థర్మో స్విచ్ ఎర్త్ ఇచ్చే బండిలో చిన్న బల్బు ఒక కాలు ఇగ్నిషన్ ప్లస్‌కి, రెండో కాలు మోటారుకీ థర్మో స్విచ్‌కీ మధ్య తీగకి కలపండి. ఆ కలిపిన చోటే 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. లేకపోతే సన్నని వైరు ఒరుసుకున్న రోజున మోటారు కరెంటంతా దాని మీదే పడుతుంది. ఫ్యాను దానంతట అది నడిచినా, మీరు నడిపినా దీపం వెలుగుతుంది. అయితే మోటారుకి ఎర్త్ అందిందనే అది చెప్తుంది, రెక్కలు తిరుగుతున్నాయని కాదు. కాబట్టి గేజి చూడటం మానకండి.

వాడకం. ఘాట్ మొదట్లోనే, ముల్లు లేవకముందే వేయండి. బండి యాభై అరవై కిలోమీటర్ల వేగం అందుకున్నాక ఎదురుగాలి చాలు, తీసేయండి. కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే తప్పక తీసేయండి, నీళ్ళలో తిరిగితే రెక్కలు విరుగుతాయి. డిసెంబరు చలిలో అసలు ముట్టుకోవద్దు. మరీ ముఖ్యంగా, ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు తీసేసిన బండ్లలో ఇంజను వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

అన్నీ బిగించాక చేతి స్విచ్ ఆఫ్‌లో పెట్టి, బండి నిలబెట్టే ఇంజను నడవనివ్వండి. చేతులూ తువ్వాలూ ఫ్యానుకి దూరంగా ఉంచండి, అది చెప్పి తిరగదు. ముల్లు మధ్య గీత దాటాక ఫ్యాను తనంతట తాను మొదలై, కాసేపటికి తనంతట తానే ఆగాలి. అది చూశాకే బోనెట్ మూయండి.