ఇనుప కూలర్: ముట్టుకుంటే జివ్వుమంటోందా? గాలి చల్లగా రావట్లేదా?

వరంగల్, పరకాల, జమ్మికుంట, పెద్దపల్లి వైపు ఎండాకాలం గడవాలంటే చాలా ఇళ్ళలో ఇప్పటికీ రేకుతో చేసిన పెద్ద కూలరే దిక్కు. లోపల ఉండేవి ఫ్యాన్ మోటారు, నీళ్ళ పంపు, మూడు వైపులా గడ్డి, అంతే. రిపేరు కష్టం కాదు. కానీ ఇనుము, నీళ్ళు, కరెంటు మూడూ ఒక్కచోటే ఉంటాయి. అందుకే ప్రాణం మీదికొచ్చే సమస్య ముందు చూద్దాం.

సమస్య: బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది

"ఏం కాదు, చెప్పులేసుకొని ముట్టుకో" అని ఊరుకోవద్దు. పొడి నేల మీద, చెప్పులతో ఉన్నప్పుడు చిన్నగా తగిలిన షాకే, తడి నేల మీద ఒట్టి కాళ్ళతో వచ్చిన పిల్లల ప్రాణం తీస్తుంది. వెంటనే ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే సరిపోదు. వైరింగు తప్పుగా చేసి స్విచ్‌ను న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, ఆపినా ఫేజు కూలర్‌లోనే ఉంటుంది.

కారణం ఎక్కువసార్లు పంపే. నీళ్ళలో నాని నాని వైరు పగులుతుంది, లేదా పంపు సీలు విచ్చుకుంటుంది. తర్వాతి అనుమానం వైరు మీద: రంధ్రం దగ్గర రబ్బరు వాషరు లేక, రేకు అంచుకు రాసుకొని పైతొడుగు తెగిపోతుంది. ఆ తర్వాత మోటారు వైండింగులో చెమ్మ.

తేల్చుకోవడం ఇలా. ప్లగ్గు పీకి, పంపు వైర్లు విడదీసి, కొనలకు టేపు చుట్టండి. చెప్పులేసుకొని పొడి నేల మీద నిలబడి ప్లగ్గు పెట్టి, బాడీకి చెయ్యి తగలకుండా, దాని మీద రంగు లేని చోట టెస్టరు ఆనించండి. పంపు విడదీయక ముందు ఇలాగే ఆనిస్తే వెలిగిన టెస్టరు ఇప్పుడు వెలగకపోతే తప్పు పంపుదే. సన్నగా వెలిగినా లీకేజీ ఉన్నట్టే అనుకొని, ఎలక్ట్రీషియన్‌తో మెగ్గరు (కరెంటు లీకేజీని కొలిచే మీటరు) పెట్టి చూపించాలి. చెడిన పంపుకు టేపు చుట్టి మళ్ళీ నీళ్ళలో దించొద్దు, కొత్తది వెయ్యండి. మామూలు ఇంటి కూలర్‌కు 18 వాట్ల పంపు చాలు.

పంపు మార్చినంత మాత్రాన పని అయిపోలేదు. ఎర్తు లేకపోవడమే అసలు తప్పు. మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వెయ్యండి. ఆకుపచ్చ ఎర్తు తీగ కొనకు రింగు లగ్గు పెట్టి, బాడీ మీద రంగు గీకి, మెరిసే ఇనుముకు బోల్టుతో బిగించాలి. రంగు మీద బిగిస్తే అది ఎర్తు కాదు. నల్లా పైపుకు తీగ చుట్టడం పాత అలవాటు. ఇప్పుడు పైపులు చాలావరకు ప్లాస్టిక్‌వి కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. ఇంటి ఎర్తు గుంత కూడా, సరిగ్గా కూలర్ తిరిగే ఏప్రిల్, మే నెలల్లోనే ఎండిపోతుంది. వారానికి రెండుసార్లు బకెట్ నీళ్ళు పొయ్యండి.

ఎంసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. అది ఓవర్‌లోడుకో, షార్టుకో పడిపోతుంది. మనిషి గుండా పోయే కొద్దిపాటి కరెంటు దానికి తెలియదు. కొద్దిపాటి లీకేజీకే కరెంటు ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒక్కటి పెట్టించండి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. నీళ్ళు పోసే ప్రతిసారీ ప్లగ్గు పీకాల్సిందే. ఎవరైనా అంటుకుపోతే మనిషిని పట్టి గుంజొద్దు. మెయిన్ ఆపండి, అది దూరంగా ఉంటే పొడి కర్రతో వైరును నెట్టండి.

సమస్య: గాలి వస్తోంది, చల్లదనం లేదు, ఒళ్ళంతా జిగట

పంపు మార్చే ముందు కిటికీ చూడండి. 43 డిగ్రీల ఎండలో, గాలిలో తేమ 20 శాతం ఉంటే మంచి కూలర్ గాలిని 28, 30 డిగ్రీల దాకా దించుతుంది. కానీ ప్రతిసారీ బయటి పొడి గాలే లోపలికి రావాలి, తడి గాలి బయటికి పోవాలి. తలుపులు మూసి, కూలర్‌ను గది మధ్యలో పెడితే అదే తడి గాలి మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురు కిటికీ సగం తెరిచి ఉండాలి.

మిరుగం (మృగశిర కార్తె) పెట్టి వానలు మొదలైనంక అదే కూలర్ పనిచెయ్యకపోతే అది రిపేరు కాదు. 34 డిగ్రీలు, 75 శాతం తేమలో అది దించగలిగేది 3 డిగ్రీలే. పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే వేసుకోండి.

ఐసుగడ్డలు వెయ్యడం కూడా పెద్దగా కలిసిరాదు. కిలో ఐసు కరిగి లాగే వేడి కన్నా, లీటరు నీళ్ళు ఆవిరై లాగే వేడి 7 రెట్లు ఎక్కువ. గడ్డి నిండా తడవడమే ముఖ్యం.

కిటికీ బాగుంటే, ప్లగ్గు పీకి గడ్డి లోపలి వైపు అరచెయ్యి పెట్టి తడమండి. ఎక్కడ పొడిగా తగిలితే అక్కడ పైన పైపు రంధ్రం మూసుకుంది, దబ్బనంతో పొడవండి. గడ్డి కిందికి జారి పైన ఖాళీ అయితే, వేడి గాలి దారి వెతుక్కొని అక్కడి నుంచే వస్తుంది. గడ్డి మార్చండి, లేదంటే 4 అంగుళాల మందం హనీకోంబ్ ప్యాడ్ (తేనెపట్టు లాంటి గళ్ళున్న ప్యాడ్) వేయించండి. బోరు నీళ్ళయితే తెల్లటి గట్టి పొర కడుతుంది. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. వారానికోసారి తొట్టి మొత్తం ఖాళీ చెయ్యాలి. పొర పట్టిన పంపును, ప్లగ్గు పీకి, లీటరు నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. అందులో బ్లీచింగ్ పౌడర్ మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

సమస్య: మోటారు గుయ్యిమంటుంది, రెక్క తిరగదు

ప్లగ్గు పీకి రెక్కను వేలితో తిప్పండి. హాయిగా తిరిగితే ఎక్కువసార్లు కెపాసిటర్ పోయినట్టే. పాతదాని మీద ఉన్న ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) అంకె చూసి అదే తీసుకోండి, పెద్దది వేస్తే మోటారు వేడెక్కి కాలుతుంది. బిగుసుకుంటే బుష్ ఎండింది, రెండు చుక్కల మెషీన్ ఆయిల్ వెయ్యండి. సాయంత్రాలు మాత్రమే నెమ్మదిస్తే అది లో వోల్టేజీ, మోటారు మార్చి డబ్బులు పోగొట్టుకోవద్దు.

సమస్య: మొహం మీద తుంపర్లు

నీళ్ళు ఎక్కువ వస్తున్నాయి. పైపుకు క్లిప్పు పెట్టి తగ్గించండి, గడ్డి జాలీని బిగించండి.

సమస్య: వాసన, దోమలు

కొత్త గడ్డి వాసన రెండు మూడు రోజుల్లో పోతుంది. నాచు వాసన పోదు. కూలర్ ఆపే ముందు అరగంట పంపు లేకుండా ఫ్యాన్ వేసి గడ్డి ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు నీటి గీత దగ్గర తొట్టి గోడకు అంటుకొని ఉంటాయి. నీళ్ళు పారబోస్తే చాలదు, ప్లగ్గు పీకి గోడలను పీచుతో గట్టిగా రుద్ది, ఒక పూట ఎండనిచ్చి, ఆ తర్వాతే మళ్ళీ నింపండి.